మాట్లాడకుండా నడిచిన దారి

అరోరా ఊళ్ళో మా ఇంటి దగ్గరి చెరువు చుట్టూ నడిచే ట్రెయిల్ మీద ఎవరైనా దోమల స్ప్రే కొట్టుకుంటే చాలు, నాకు కెన్యా గుర్తొస్తుంది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అక్కడ ఉద్యోగం చేసే బాబాయి పిలిస్తే అమ్మా నాన్నా నేనూ వెళ్ళాం. సరస్సు ఒడ్డున అభయారణ్యం. దోమల స్ప్రే కొట్టుకుని, జీబ్రాల మధ్యనుంచి నడిచే వెళ్ళాలి. మాట్లాడితే అవి పారిపోతాయని గైడ్ ముందే చెప్పాడు.

ముందు నడుస్తున్న అమ్మ నా చెవిలో గుసగుసలాడింది. "మీ నాన్నని క్యాప్ పెట్టుకోమను."

వెనక వస్తున్న నాన్న దగ్గరికెళ్ళి చెప్పాను.

"నాకు తెలుసని చెప్పు మీ అమ్మకి."

మళ్ళీ ముందుకి. బురదలో హిప్పో అడుగులు, ఎండిన పేడ వాసన, మమ్మల్ని చూస్తూనే ఆకులు నములుతున్న జిరాఫీ.

"గుడ్ ఫ్యామిలీ. వెరీ క్వయట్" అన్నాడు గైడ్. నేను పొంగిపోయాను. మా అమ్మానాన్నల్లా రూల్స్ పాటించేవాళ్ళు ఇంకెవరూ ఉండరనుకున్నాను. బయల్దేరిన రోజు అరోరా నుంచి ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళేటప్పుడు కార్‌లోనూ నాచేత ఇలాగే మాటలు మోయించారు. అక్కడ ఏ జంతువులున్నాయని?

మాతో వచ్చిన బాబాయి కెమెరా తీయగానే మాత్రం ఇద్దరూ నా భుజాల మీద చేతులు వేసి నవ్వారు.

ఆ రోజు ఒక్క జంతువూ పారిపోలేదు. ఇంటికి తిరిగొచ్చిన వారానికి నాన్న అమ్మనీ నన్నూ వదిలి వెళ్ళిపోయాడు.