ఆమె పెరుగు

ఎనభైల్లో ఒకరోజు, అమెరికా ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో నా స్పౌజ్ వీసా ఎక్స్‌టెన్షన్‌కి కాగితాలిచ్చి, అలసిపోయి జెర్సీ సిటీ బస్సెక్కాను. వాళ్ళు కుదరదంటే ఏ సామాను ఎవరికివ్వాలో కవరు వెనక రాసుకుంటున్నాను. పక్క సీటు తెలుగావిడ అది చూసి నీరసంగా నవ్వింది.

"నాకు రిజెక్ట్ అయిందమ్మా. శనివారం ఫ్లైట్. పెరుగు రాశావా?"

రాయలేదు.

"మిగతావి మళ్ళీ కొనుక్కోవచ్చు. ఇండియా నుంచి తెచ్చుకున్న తోడు ఇక్కడ దొరకదు. ఎవరింట్లోనైనా ఉంచి వెళ్ళు. తిరిగొస్తే అడిగి తెచ్చుకోవచ్చు."

"మరి మీది?"

"తెలిసినవాళ్ళకి ఇద్దామని వెళ్తే వాళ్ళింటికి తాళం."

సంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి నా ఒళ్ళో పెట్టి, తన స్టాపులో దిగిపోయింది. ఒకరి పేరైనా ఒకరం అడగలేదు.

నాకు ఎక్స్‌టెన్షన్ వచ్చింది. మా పెరుగూ ఆమె పెరుగూ ఇప్పటికీ వేరువేరు గిన్నెల్లో తోడేస్తున్నాను.