వెనక వరుసలో సోప్రానో

1984లో నేను డెట్రాయిట్ శివార్లలోని ఒక ఆసుపత్రిలో స్పీచ్ పాథాలజిస్ట్‌గా పనిచేసేదాన్ని. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాటలు నేర్పడం, నత్తి ఉన్న పిల్లలతో కూర్చోవడం, గొంతు పాడుచేసుకున్నవాళ్ళకి దాన్ని వాడే పద్ధతి నేర్పడం ఆ ఉద్యోగం. ఈ మూడో రకం పేషెంట్లంటే నాకు మొదటినుంచీ ఇష్టం. మాది భీమవరం దగ్గర పల్లె. మా నాన్నగారు చర్చిలో హార్మోనియం వాయించేవారు. ఎవరి గొంతు ఏ శ్రుతిలో ఉందో అన్నాల దగ్గర కూడా వాదించుకునే ఇల్లు మాది. అందుకే గొంతు పోయిందని ఎవరైనా వస్తే నాకు జాలికన్నా ముందు కుతూహలం కలిగేది.

ఆ వసంతంలో ఎలెన్ వచ్చింది. నలభై దాటిన మనిషి, పొడుగ్గా, వెడల్పు భుజాలతో ఉంటుంది. ఒక మిడిల్ స్కూల్లో వ్యాయామం నేర్పే జిమ్ టీచర్, ఆడపిల్లల వాలీబాల్ కోచ్. సాయంత్రమయ్యేసరికి గొంతు పెగలడం లేదని ఇ.ఎన్.టి. డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన అద్దం పెట్టి చూసి నా దగ్గరికి పంపించాడు. స్వరతంత్రులు రెండూ ఒకదానికొకటి తగిలేచోట వాపు మొదలైంది. రాపిడి ఆగకపోతే అక్కడ కాయ కాస్తుంది, చెప్పు కరిచినచోట మడమ మీద కాసినట్టే. వాటిని నాడ్యూల్స్ అంటాం. ముదిరితే ఆపరేషన్ దాకా పోతుంది.

జిమ్ టీచర్ అని వినగానే కేసు తేలిపోయిందనుకున్నాను. పెద్ద హాలు, గోల చేసే పిల్లలు, ఇంకేముంది!

"పిల్లల మీద బాగా అరుస్తారా?" అని అడిగాను.

"అస్సలు అరవను. విజిల్ ఊదుతాను. మా అమ్మ కూడా టీచరే. ఆవిడ గొంతు పోవడం చూశాను, అందుకే నేను మొదటినుంచీ జాగ్రత్తగా ఉంటాను."

సిగరెట్ లేదు. ఇంట్లో గొడవలు లేవు. మరి ఈ వాపు ఎక్కడిది?

ప్రతి గొంతుకీ శ్రమ లేకుండా పలికే శ్రుతి ఒకటి ఉంటుంది. దాన్ని ఆప్టిమమ్ పిచ్ అంటాం. మనిషి ఆలోచించకుండా చేసే చప్పుళ్ళలో, అంటే దగ్గులో, ఊఁ కొట్టడంలో, నవ్వులో అది బయటపడుతుంది. ఎలెన్‌ని "ఆ" అనమంటే నూతి అడుగునుంచి వచ్చినట్టు కిందికి నొక్కిపెట్టి అంది. నేను పిచ్ పైప్ ఊది శ్రుతి చూసుకుని, వాలీబాల్ గురించి ఏదో అడిగాను. ఇంగ్లీషులో వి, డబ్ల్యూ అక్షరాలు రెండూ నా నోట్లో ఇప్పటికీ ఒకేలా పలుకుతాయి. ఆ మాట నేను పలికిన తీరుకి ఆమెకి నవ్వు ఆగలేదు. ఆ నవ్వు ఎంతో పైనుంచి వచ్చింది, తేలిగ్గా, గలగలమంటూ. ఆ రెండు గొంతులూ ఒకే మనిషివని నమ్మడం కష్టమైంది.

"మీరెక్కడైనా పాడతారా?"

"చర్చిలో పాడతాను."

"ఏ పార్ట్?"

"టెనర్."

నాలుగు గొంతుల పాటల్లో అన్నిటికన్నా పై శ్రుతి సోప్రానో, దాని కింద ఆల్టో, ఈ రెండూ ఆడవాళ్ళవి. ఇంకా కింది శ్రుతులు టెనర్, బేస్ మగవాళ్ళవి. చిన్నప్పటినుంచి ఆల్టో పాడినదాన్ని, నాకు ఆశ్చర్యం వేసింది. "మీ చర్చిలో మగవాళ్ళు పాడరా?" అన్నాను.

ఎలెన్ కోటు బొత్తాలు పెట్టుకుంది. "ఇవాళ్టికి చాలనుకుంటాను," అంది.

ఇక రాదేమో అనుకున్నాను. కానీ తర్వాతి వారం వచ్చి, కూర్చోకముందే చెప్పింది. "అది చర్చి కాదు, కోరస్, కలిసి పాడే బృందం. అందులో మగవాళ్ళు లేరు. అందరం ఆడవాళ్ళమే. చాలామందిమి లెస్బియన్లం. నేను కూడా. ఇదంతా నా ఫైల్‌లో రాస్తారా?"

"గొంతుకి సంబంధించిందే రాస్తాను. టెనర్ పాడుతున్నారని రాస్తాను," అన్నాను.

ఒక మనిషి తన గురించి ఆ మాట చెప్పుకోవడం నేను అంతకుముందు వినలేదు. నాలో చాలా ప్రశ్నలు లేచాయి కానీ వాటిలో నా వృత్తికి సంబంధించింది ఒక్కటే. ఇంత పై శ్రుతి గొంతు టెనర్ ఎందుకు పాడుతోంది? అడిగితే, "ఆ వరుసలో మనుషులు తక్కువ," అని దాటేసింది. ప్రాక్టీస్ ఒకసారి వింటానన్నాను. సరేనంది.

శనివారం మధ్యాహ్నం బయలుదేరుతుంటే మావారు అడిగారు. "కోయిర్ ప్రాక్టీస్‌కా? మన చర్చి వాళ్ళదా?"

"కాదండీ, పేషెంట్ వాళ్ళది." ఆ కోరస్ ఎలాంటిదో చెప్పాను.

ఆయన పేపర్ మడిచి పక్కన పెట్టారు. "మనవాళ్ళకి తెలిస్తే ఏమంటారో ఆలోచించావా?"

"గొంతు వినడానికి వెళ్తున్నాను. విని వచ్చేస్తాను."

"సరే, జాగ్రత్తగా డ్రైవ్ చెయ్," అన్నారు చివరికి.

ఒక చర్చివాళ్ళు ఉచితంగా ఇచ్చిన బేస్‌మెంట్ హాలు అది. నలభైమంది దాకా ఉన్నారు. ఒకామె బస్ డ్రైవర్, ఒకామె నర్సు, ఇద్దరు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు, మనవలున్న పెద్దావిడ ఒకరు. పాడించే ఆవిడ పేరు జూన్. ఎవరెవరు ఏ పార్ట్ పాడాలో ఎలా నిర్ణయిస్తారని ఆమెని అడిగాను.

"ఇక్కడ పరీక్షలు లేవు. ఎవరు ఏ వరుసలో నిలబడతానంటే అదే వాళ్ళ వరుస. ఎలెన్ వచ్చినరోజే టెనర్ అంది, సరేనన్నాను," అంది జూన్.

రాబోయే జూలైలో పబ్లిక్ లైబ్రరీ మెట్ల మీద పాడమని సిటీవాళ్ళు వాళ్ళని పిలిచారు. అప్పటిదాకా వాళ్ళు తమ స్నేహితుల ముందు, తలుపులు మూసుకున్న హాళ్ళలోనే పాడారట. టీ విరామంలో పెద్ద వాదన జరిగింది. పోస్టర్ మీద కోరస్ పేరుతోపాటు లెస్బియన్ అనే మాట ఉంచాలా, తీసేయాలా?

"తీసేస్తే ఎక్కువమంది వస్తారు," అంది బస్ డ్రైవర్.

"వస్తారు. ఎవరి పాట విన్నారో తెలియకుండానే ఇళ్ళకి పోతారు," అంది మనవలున్న ఆవిడ.

చేతులెత్తి లెక్కపెట్టుకున్నారు. మాట ఉంచాలనే తేలింది. ఎలెన్ ఏ వైపూ చెయ్యెత్తలేదు.

తర్వాత పోస్టర్ కోసం ఒకమ్మాయి కెమెరా తీసింది. ముందు వరుసలో సోప్రానోలు జుట్టు సవరించుకుని నవ్వారు. చివరి వరుసలో ఎలెన్ బూటు లేసు కట్టుకోవడానికి వంగింది. ఫ్లాష్ వెలిగి ఆరేదాకా లేవలేదు. నేను వెతుకుతున్న కారణం నాకు అప్పుడు దొరికింది.

కార్ల దగ్గర అడిగాను. "గొంతుకి సరిపడదని తెలిసీ వెనక్కి వెళ్ళారు కదూ?"

"కెమెరాలు ముందు వరుసనే కదా తీసేది," అంది ఎలెన్. "ఇన్నేళ్ళుగా ఆడపిల్లలకి ఆట నేర్పిస్తున్నాను. ఒక్క తల్లి స్కూలుకి ఫోన్ చేస్తే చాలు. పాడకుండా ఉండలేను, కనబడనూలేను. వెనక వరుసలో టెనర్లకి చోటుంది. అంతే."

తర్వాతి సెషన్‌లో నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పాను. ఆ శ్రుతిలో పాడినంతకాలం వాపు తగ్గదు. సోప్రానోకి మారినా, కొన్నాళ్ళు పాట మానేసినా తగ్గుతుంది. వెనకే నిలబడి సోప్రానో పాడే వీలుందేమో జూన్‌ని అడగమన్నాను.

"అడిగాను, ఒప్పుకుంది. నేనే వద్దన్నాను," అంది.

"ఎందుకు?"

"అందరూ చేతులెత్తుతుంటే నేను నేల చూస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రమంతా అదే గుర్తొచ్చింది."

"ఉద్యోగం మాటేమిటి? పాట మానేస్తే గొంతూ నిలుస్తుంది, ఉద్యోగమూ నిలుస్తుంది. అది కూడా దారే. మీరు ఏది ఎంచుకున్నా నేను నేర్పగలిగింది నేర్పుతాను."

"పాడకుండా దాచుకున్న గొంతుతో ఏం చేసుకోను?" అంది. ఆ రోజునుంచి పై స్వరాలని నొక్కకుండా పలకడం మొదలుపెట్టాం.

జూలై సాయంత్రం లైబ్రరీ దగ్గరికి మావారు కూడా వచ్చారు. మడత కుర్చీలు తెచ్చుకున్నవాళ్ళు, పిల్లలకి ఐస్‌క్రీమ్ తినిపిస్తున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. రోడ్డుకి అవతల నలుగురైదుగురు కోరస్‌కి వ్యతిరేకంగా అట్టల మీద ఏవో రాసి పట్టుకుని కేకలు వేస్తున్నారు. టీవీ కెమెరా ఒకటి వచ్చింది. ఎలెన్ ముందు వరుస చివర నిలబడింది. అయినా గొంతు వణకలేదు.

ఒక జోలపాట మధ్యలో ఇద్దరు అమ్మాయిలు సైకిళ్ళు ఆపి, "హే, కోచ్!" అని అరిచారు. ఎలెన్ మొహం తెల్లబోయింది. అయినా నోరు మూయలేదు. అమ్మాయిలు సైకిళ్ళు కింద పడేసి గడ్డిలో కూర్చుని చివరిదాకా విన్నారు.

"నీ పేషెంట్‌ది ఏ బొంగురు గొంతో అనుకున్నాను. ఎంత హాయిగా పాడుతోంది!" అన్నారు మావారు.

స్కూళ్ళు తెరిచాక ప్రిన్సిపాల్ ఆమెని పిలిచాడు. ఆ సంభాషణ ఎలెన్ నాకు మాట పొల్లుపోకుండా చెప్పింది.

"టీవీలో కనబడింది మీరేనా?"

"నేనే."

"పేరెంట్స్ అడిగితే నేనేం చెప్పాలి?"

"నన్నే అడగమనండి."

ఇద్దరు తల్లులు వచ్చారు. ఒకావిడ కూతుర్ని టీమ్ మానిపించింది. రెండో ఆవిడ ప్రాక్టీసు ఎప్పటినుంచని మాత్రం అడిగి వెళ్ళిపోయింది. టీచర్ ఉద్యోగం పోలేదు. కానీ ఆ తర్వాతి ఏడాది కోచ్ పని ఇంకొకరికిచ్చారు, కారణం చెప్పలేదు. ఆ కబురు చెప్తూ నా గదిలో ఏడ్చింది. అప్పటికి డాక్టర్ మళ్ళీ అద్దం పెట్టి చూశాడు. వాపు పూర్తిగా తగ్గిపోయింది. అంత శుభ్రంగా నయమైన కేసు ఆ రోజుల్లో నాకు ఇంకొకటి లేదు. అయినా సంతోషించాలో లేదో తెలియలేదు.

"మారినందుకు బాధపడుతున్నారా?" అని అడిగాను.

"స్కూలు వదిలాక జిమ్‌లోంచి బంతి చప్పుడు వినబడుతుంటే బాధగా ఉంటుంది," అంది. "పాడేటప్పుడు ఉండదు."

ఆ కోరస్ తర్వాత చాలాచోట్ల పాడింది. ఎయిడ్స్ అనే కొత్త జబ్బుతో కుర్రవాళ్ళు చనిపోవడం మొదలయ్యాక, చర్చిల్లో చోటు దొరకని వాళ్ళ సంతాప సభలకి వీళ్ళనే పిలిచేవారు. రెండుసార్లు నేనూ వెళ్ళాను. ఎలెన్ ముందు వరుసలోనే ఉంది.

రోజుకి ఎంత మాట్లాడతారు, ఎంత అరుస్తారు, ఎంత పాడతారు అని మా చదువులో అడగడం నేర్పారు. రిటైరయ్యేదాకా అవన్నీ అడిగాను. ఎలెన్ తర్వాత వాటికి ఇంకొకటి కలిపాను. "మీ గొంతు మీరు ఎక్కడ, ఎవరి ముందు దాచుకుంటారు?" అని. కొందరు నా ఇంగ్లీషులో ఏదో పొరపాటుందనుకుని మళ్ళీ చెప్పమనేవారు. ఇంకొందరు ఎలెన్‌లాగే కోటు బొత్తాలు పెట్టుకునేవారు. వాళ్ళని తొందరపెట్టేదాన్ని కాదు. తర్వాతి వారానికి అపాయింట్‌మెంట్ ఇచ్చి పంపేదాన్ని. చాలామంది తిరిగి వచ్చేవారు.