మెత్తటి బట్ట వేసిన పౌచి

మొన్న ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లాను. బందోబస్తుకు వచ్చిన ఒక పోలీసు పిల్ల, జనం కాస్త పలచబడ్డాక, గోడ నీడన నిలబడి నీళ్లు తాగుతోంది. భుజాన రైఫిలు, నడుముకు మ్యాగజైన్ల పౌచి. దారిన పోయేవాళ్లంతా తుపాకిని చూసి పోతున్నారు. నేను మాత్రం పౌచి దగ్గర ఆగిపోయాను. మూత ఎలా కుట్టారు, లోపల ఏం బట్ట వేశారు అని వంగి మరీ చూస్తుంటే ఆ పిల్ల, ఏమన్నా పోగొట్టుకున్నావా అమ్మా అని అడిగింది. ఏమీ లేదు బిడ్డా అని పక్కకు జరిగాను. పోగొట్టుకోలేదు గానీ, ఒకప్పుడు పోగొట్టుకోబోయాను.

అమీర్‌పేటలో మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. మగ్గాల ఊరి నుంచి వచ్చిన మేము, కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో ఒక గదిలో రెండు మిషన్లు వేసుకుని యూనిఫారాలు కుట్టేవాళ్లం. కత్తిరింపు మా ఆయనది, కుట్టు నాది. బడిపిల్లల నిక్కర్ల నుంచి హోటలు వాచ్‌మన్ల కోట్ల దాకా అన్నీ ఆ గదిలోనే తయారయ్యేవి. నాకు అప్పటికి అక్షరాలు రావు. టేపు మీది అంకెలు మాత్రం వచ్చు. మా మెట్ల కింద చాచా కూర్చునేవారు. పోలీసు ఆయుధాల మరమ్మతులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. తాళాలు, స్టౌలు, మా కుట్టుమిషన్లు బాగుచేసేవారు. రోజూ పంజాగుట్ట నుంచి నడిచి వచ్చేవారు. బస్సు కన్నా ముందే చేరతానని ఎవరితోనైనా పందెం కాసేవారు. రోడ్డంతా తవ్వి పోసిన ఆ రోజుల్లో ఆయన ఒక్క పందెం కూడా ఓడిపోలేదు.

మా మరిది అప్పుడు సాయుధ పోలీసుల్లో కానిస్టేబులు. మ్యాగజైను అంటే రౌండ్లు, అదే తూటాలు, పేర్చే ఇనప డబ్బా అని నాకు తెలిసింది అతని వల్లే. అడుగున స్ప్రింగు ఉంటుంది, పైన మూతి దగ్గర పెదవుల్లాంటి రెండు అంచులుంటాయి. ఒక రౌండు పేలగానే స్ప్రింగు ఇంకోదాన్ని పైకి తోస్తుంది. పరిగెత్తుతుంటే పాత పౌచిలో మ్యాగజైన్లు గలగలమంటున్నాయని, కొత్తది కుట్టి పెట్టమని అడిగాడు. కొడుకు లాంటివాడు అడిగాడు గదా అని, పసిపిల్లల టోపీలకు తెచ్చిన మెత్తటి ఫ్లానెల్ మిగిలితే దాన్ని లోపల రెండు వరసలు వేసి కుట్టాను. మూతి పైకి పెట్టుకునేలా అర తీశాను. చప్పుడన్నది లేదు. అది చూసి అతని స్నేహితులు ఐదుగురు కుట్టించుకున్నారు. నా చేతి పని పోలీసుల నడుములెక్కిందని గల్లీలో కొంచెం తల ఎగరేసే నడిచాను.

రెండు నెలలకు ఫైరింగు పరీక్షలో మరిది రైఫిలు మూడుసార్లు మొరాయించింది. రౌండ్లు సరిగా పేర్చడం కూడా రాదా అని అందరి ముందూ తిట్లు తిన్నాడు. మొహం వేలాడేసుకుని వచ్చి చాచా పక్కన కూలబడి, రైఫిలునూ స్ప్రింగునూ తిట్టడం మొదలుపెట్టాడు. చాచా అంతా విని, పౌచి ఇటు ఇవ్వమన్నారు. లోపలిది బయటకు తిప్పి వేలితో రుద్దారు. వేలినిండా తెల్లటి నూగు, నూనెతో కలిసి జిగటగా. ఎవరు కుట్టారని అడిగితే మరిది నా వైపు చూశాడు.

"బేటీ, నీ మిషను బాబిన్ కేసుల నూగు పడితే ఏం జేస్తవ్?" అన్నారు చాచా.

"ఊదుత చాచా."

"మరి గీడు కాల్చేటప్పుడు ఎవరు ఊదాలె?"

అప్పుడు తెలిసింది నాకు. మూతి పైకి ఉన్న మ్యాగజైనులోకి నా మెత్తటి బట్టే నూగు రాల్చింది, మెట్రో దుమ్ము దానికి తోడైంది. మరిది నవ్వబోయాడు. చాచా వదల్లేదు. టార్చి విప్పి, అందులోని బ్యాటరీ సెల్లునే రౌండు అనుకోమని, దాన్ని వేలితో స్ప్రింగు మీదికి అదిమి చూపిస్తూ అతనికీ పాఠం చెప్పారు. ప్రతి రౌండునూ కిందికి అదిమి, వెనక గోడకు ఆనేదాకా జరపాలట. అన్నీ పేర్చాక మ్యాగజైను వీపును అరచేతిలో తట్టి సర్దాలట. ఒక్కసారి మొరాయించిన మ్యాగజైనుకు గుర్తు పెట్టి పక్కన ఉంచాలి గానీ మంచివాటిలో కలపకూడదట. "సగం తప్పు నీది, సగం మీ వదినెది. స్ప్రింగు మాత్రం బేకసూర్," అని తేల్చేశారు.

ఐదు పౌచిలు ఆ వారంలోనే వెనక్కి వచ్చాయి. ఆరోది కట్టుకున్నవాడు అడవి వైపు డ్యూటీకి వెళ్లిపోయాడు. అక్కడ ఫోను అందదు. మా ఆయన భయపడ్డాడు. వచ్చాక మార్చి ఇద్దాం, బయటికి చెబితే ఇక మన గదికి ఎవరొస్తారు అన్నాడు. నిజం చెప్పాలంటే నా మనసూ అటే లాగింది. చాచా స్టౌ విప్పుతూనే అన్నారు: "చెప్పకుంటే నీ దుకాణం బతుకుతది బేటీ. ఆ పోరడు?"

ఆ మాటతో నేనే మరిదిని పంపాను. అతను పై అధికారి దగ్గరికి వెళ్లి పౌచి సంగతంతా చెప్పి, ఇంకోసారి తిట్లు తిని, వైర్‌లెస్‌లో కబురు పెట్టించాడు. కబురు వెళ్లింది గానీ ఆ పిల్లవాడికి అందిందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. పన్నెండు రోజులు. మిషను తొక్కుతూనే ఉన్నాను, ఏ కుట్టూ సూటిగా రాలేదు. ఉన్న ఐదింటిలో ఫ్లానెల్ చింపి, నూగు రాని రెయిన్‌కోటు బట్ట వేశాను. దుమ్ము పడకుండా పెద్ద మూత కుట్టాను. చాచా ఒక్కో పౌచి లోపల సుద్దముక్కతో ఏదో రాసిస్తే దాని మీదే దారంతో కుట్టుకుంటూ పోయాను. "మూతి కిందికి" అని రాశారట. నా చేయి మొదట దిద్దిన అక్షరాలు అవే. వాటిని చదవడం మాత్రం చాలా ఏళ్ల తర్వాత, జుట్టు నెరిసినంక నేర్చుకున్నాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆ పిల్లవాడు తిన్నగా మా గదికే వచ్చాడు. కబురు అందినంక చూసుకుంటే ఒక మ్యాగజైనులో స్ప్రింగు సగంలోనే ఆగి ఉందట. ఫ్లానెల్ కోసి తీసేసి, అన్నీ విప్పి తుడుచుకున్నాడట. తర్వాత మూడు రోజులకు కాల్చాల్సి వచ్చిందట, ఏదీ మొరాయించలేదట. జేబులోంచి కళ్లద్దాలు, చిన్న బట్టముక్క తీసి తుడుచుకుంటూ, "ఫ్లానెల్ మస్తుగుంది వదినె, అద్దాలకు," అన్నాడు. చాచా మెట్ల కింద నుంచి పెద్దగా నవ్వారు. నేను లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి ఏడ్చాను.

చాచా లేరిప్పుడు. ఆ మెట్లూ లేవు. మా గది మాత్రం మూతపడలేదు. పౌచిలో తప్పు తనదేనని తానే చెప్పిందట అని విని, ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. ఎవరి ముందూ నన్ను చిన్నబుచ్చకుండా, నా మిషను మాటలతోనే నా తప్పు నాకు చూపించిన మనిషి ఆయన. ఆ పిల్లవాడికి ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ల బడి యూనిఫారాలు నేనే కుడతాను, ఏటా రెండంగుళాలు పెంచి. టేపు పట్టుకుని ఆ పిల్లల భుజాలు కొలిచినప్పుడల్లా అనిపిస్తుంది, కాలం ఊరికే గడిచిపోయిందని అంటుంటాం గానీ, ఆ కాలాన్ని మనకు దక్కనిచ్చిన చాచా లాంటి మనిషి ఎక్కడో ఒకరుంటారని.