పెంటయ్య అంబాసిడర్‌లో వేలెడు సందు

రెండువేల ఇరవై మూడు, వానలు మొదలవుతున్న రోజులు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నాది పాత బండ్ల పని. చదువుకూ నాకూ ఏడో తరగతిలోనే చెడింది. నేను బడి మానేసిన రోజు నాకంటే మా లెక్కల సారే ఎక్కువ సంతోషించాడు. అప్పటినుంచి ఇంజన్లతోనే కాపురం. అవీ పొగ కక్కుతాయి, అలుగుతాయి, కానీ ఎక్కాలు అప్పజెప్పమనవు.

ఆ రోజు మల్లేశు తన ట్రాలీ ఆటోకు తాడు కట్టి ఒక తెల్ల అంబాసిడర్‌ను లాక్కొచ్చాడు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి ఆ ఆటోలోనే తిరిగి అమ్ముకుంటాడతను. వెనక అంబాసిడర్‌లో స్టీరింగ్ పట్టుకుని వాళ్ల నాయిన పెంటయ్య ఉన్నాడు. కరీంనగర్ రోడ్డు మీద ఆ బండినే టాక్సీగా తిప్పి ఇల్లు నడిపిన మనిషి. కాళ్లు ఉబ్బి, చెప్పులు పట్టక, వట్టి పాదాలతో దిగాడు.

"ఏం పెద్దయ్యా, బండి టైర్లకంటె నీ కాళ్లల్లనే గాలి ఎక్కువున్నట్టుంది?" అన్నాను.

"దానికి కొట్టిన గాలి ఆగదు, నాకు కొట్టిన గాలి దిగదు బిడ్డా," అన్నాడు. అక్కడే మా ఇద్దరికీ కుదిరింది.

మల్లేశు నన్ను షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. "కిడ్నీలు రెండు వోయినయన్నా. డయాలసిస్ జేపియ్యాలె. కొన్నిసార్లు వోయిండు, ఇగ పోనని మొండికేసిండు. ఆసుపత్రికంటె ఆటో ఎక్కడు. అంబులెన్సు పేరెత్తితే తిడ్తడు. నా బండి నడిస్తే అండ్ల వస్తనని మాటిచ్చిండు. ఆలస్యమైతే ఊపిరితిత్తులల్ల నీళ్లు నిండుతయని డాక్టర్ అంటాండు. జల్దీ జెయ్యన్నా."

అంటే నా చేతిలో ఉన్నది బండి పని కాదు, ఒక మనిషి ఊపిరి.

పాత ఇంజన్ తిరగకుండా పట్టేసింది. బాగుచేసే లోపల మనిషి ఉండడు. తుక్కు వ్యాను నుంచి తీసి పెట్టిన పెట్రోల్ ఇంజన్ ఒకటి నా దగ్గరుంది. దాన్ని ఎక్కించడమే దారి. ఈ మార్పిడినే మేము ఇంజన్ స్వాప్ అంటాం. గొలుసు కప్పీతో దించితే ఇంజన్ బుద్ధిగానే కూర్చుంది. తగువంతా హెడర్ దగ్గర వచ్చింది. హెడర్ అంటే ఇంజన్ నుంచి పొగను బయటికి తెచ్చే పైపులు కలిసి ఒకటయ్యే భాగం. అంబాసిడర్ పాత ఇంజన్‌కు పొగదారి ఎడమ పక్క. ఈ ఇంజన్‌కు కుడి పక్క. సరిగ్గా అక్కడే స్టీరింగ్ రాడ్ కిందికి దిగుతుంది. పైపూ రాడ్డూ ఇద్దరు మనుషుల్లా ఒకే గుమ్మంలోంచి ఒకేసారి పోవాలని చూసినట్టయింది.

"సుత్తితోని పైపును లోపలికి కొట్టరాదన్నా?" అన్నాడు మల్లేశు.

కొట్టొచ్చు, చాలామంది కొడతారు. పైపు నలిగితే పొగ ఆడక ఇంజన్ వేడెక్కుతుంది. ఆసుపత్రికి పోతూ దారిలో ఆగిపోతే ఆ బండి ఎందుకు? పైపును కోసి, వంపు ముక్కలు అతికించి, రాడ్‌ను చుట్టి పోయేట్టు కొత్తదారి చేశాను. ఇంజన్ కూర్చునే రబ్బరు దిమ్మలను కొంచెం ఎడమకు జరిపాను. ఇప్పుడు పైపుకూ రాడ్‌కూ మధ్య వేలు దూరే సందు వచ్చింది. ఈ సందునే క్లియరెన్స్ అంటాం.

అయితే ఆగి ఉన్న ఇంజన్ దగ్గర కొలిచిన సందును నమ్మకూడదు. లాగేటప్పుడు ఇంజన్ తన సీటులో పక్కకు ఒరుగుతుంది. దానికి మా పద్ధతి ఒకటుంది. చపాతీ పిండి ముద్ద ఒకటి రాడ్ మీద, పైపుకు ఎదురుగా అంటిస్తాం. నేను లోపల కూర్చుని, బ్రేకు తొక్కిపట్టి, గేరులో క్లచ్ కొంచెం వదిలి ఇంజన్‌ను గింజుకోనిస్తాను. పైపు తగిలిందా, ముద్ద చెప్పేస్తుంది. బానెట్ లేచి ఉంటుంది కాబట్టి లోపలున్నవాడికి ముందర ఏం జరుగుతుందో కనపడదు. ముందర పెంటయ్య నిలబడ్డాడు.

"తగిలిందిరా!" అని అరిచాడు.

దిగి చూస్తే నిజమే. ముద్ద మీద పైపు వంపు నున్నగా దిగి ఉంది. విప్పి, కోసి, ఇంకొంచెం వంచి మళ్లీ బిగించాను. పెంటయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "నీ వెల్డింగ్ సూస్తుంటె మా అవ్వ కుట్టిన బొంత యాదికొస్తాందిరా," అని ఎక్కిరించాడు. ఎక్కిరింపు సగంలో ఆగి ఊపిరి కోసం ఎగరొప్పాడు. వాపు మోకాలు దాటింది.

మళ్లీ ముద్ద పెట్టాం. మళ్లీ "తగిలింది" అన్నాడు. ముద్ద అణిగే ఉంది. నా లెక్క ప్రకారం తగలకూడదు, కానీ లెక్కల్లో నా సంగతి మీకు ముందే చెప్పాను. మారు మాట్లాడకుండా మంచి పైపును కోశాను. మల్లేశు సాయంత్రం వచ్చి, ఇంకా విప్పి ఉన్న హెడర్‌ను చూసి గోడకు తల ఆనించి నిలబడ్డాడు. "రాత్రంత కూసునే ఉంటుండన్నా. పండుకుంటె ఊపిరాడతలేదు," అన్నాడు.

ఆ తర్వాతి పరీక్షలో కూడా అదే అరుపు. అంబాసిడర్ తలుపు తన్నితే గానీ తెరుచుకోదు. నేను తన్ని, దిగి, ముందుకొచ్చి, ఈసారి ముద్దను ఊడదీసి వెలుగులోకి తెచ్చి చూశాను. పైపు అణిస్తే నున్నగా ఉండాలి. దీని మీద సన్నటి గీతలు సుడి తిరిగి ఉన్నాయి. చివర నెలవంక లాంటి గంటు.

"పెద్దయ్యా, నేను జేసిన పైపులల్ల ఏ పైపుకు గోరుంది?"

పెంటయ్య తన బొటనవేలు చూసుకున్నాడు. పిండి ఇంకా అంటుకునే ఉంది. దోతికి తుడుచుకున్నాడు.

"సదువుకోలేదన్నవు గదరా. వేలిముద్ర మంచిగనే సదివినవ్."

నాకు నవ్వు రాలేదు. "నీకోసం నీ కొడుకు నిద్ర లేక సస్తాండు. బండి గాకుంట నువ్వే అడ్డం వడితివా?"

ఆయన కుర్చీలోకి ఒరిగి చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. "బండైతే నేను పోవాలె. మాటిచ్చిన. ఆడ డయాలసిస్ కాడ నా పక్క మంచంల ఒకాయన ఉండె బిడ్డా. లారీ డ్రైవరే. ముచ్చట జెప్పుకుంట జెప్పుకుంట తలకాయ వాల్చిండు. మనిషి వోయిండు, మిషను తిరుగుతనే ఉన్నది. డ్రైవర్ లేకుంట నిలవడ్డ కాడనే ఐడ్లింగ్ మీదున్న బండి సప్పుడు. గా సప్పుడు నా చెవులకెల్లి పోతలేదురా." నా చెయ్యి పట్టుకున్నాడు. "మల్లేశుకు ఇంక తగుల్తాందనే జెప్పు. కొన్ని దినాలు."

నేను బానెట్ దించి, బండిలోంచి తాళం చెవి తీసుకొచ్చాను.

"చెప్ప పెద్దయ్యా," అన్నాను. "కొన్ని దినాలు గూడ లేవు నీకు. నువ్వు తప్పించుకుంటున్నది మిషను కాడ పోయినోని సావు. నీకు రాబోయేది పండుకున్నా కూసున్నా ఊపిరాడని సావు. నాకు తెలిసింది గంతే." తాళం చెవి ఆయన అరచేతిలో పెట్టాను. "తగుల్తాందో లేదో నువ్వే నడిపి చెప్పు. నడిపినంక నువ్వేదంటే అదే మల్లేశుకు చెప్త."

అలా అనడం సరైనదో కాదో ఇప్పటికీ తెలియదు. ఆయన లేచి, తలుపు తన్ని, ఎక్కాడు. షెడ్డు వెనక ఖాళీ జాగాలో బండి మెల్లగా కదిలింది. స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాడు. యాక్సిలరేటర్ తొక్కి ఇంజన్‌ను గింజుకోనిచ్చాడు. ఉబ్బిన పాదం పెడల్ మీద ఆనినప్పుడల్లా మొహం మెలిపడింది. అయినా ఒక చుట్టు తిరిగే పనికి మూడు నాలుగు చుట్లు తిరిగాడు. మల్లేశు అప్పుడే వచ్చి చేపల బుట్ట పట్టుకునే నిలబడిపోయాడు.

పెంటయ్య ఇంజన్ ఆపి, అద్దం దించి తల బయటపెట్టాడు. "తగుల్తలేదురా మల్లేశా. పొద్దుగాల పోదాం."

పోయాడు. పేట్ బషీరాబాద్ వైపు ఆసుపత్రికి కొడుకు నడుపుతుంటే పక్క సీట్లో కూర్చుని వంకలు పెడుతూ, వానలన్నీ వెళ్లి చలి వచ్చేదాకా పోతూనే ఉన్నాడు. వాపు తగ్గింది, చెప్పులు పట్టాయి. ప్రతిసారీ మా షెడ్డు ముందర హారన్ కొట్టించేవాడు. మొహంలో భయం మాత్రం తగ్గలేదు. ప్రతిసారీ చూశాను.

చలికాలంలో ఒక సాయంత్రం మల్లేశు ఫోన్ చేశాడు. ఆసుపత్రి నుంచి వాపసు వస్తూ నాయిన పక్క సీట్లో నిద్రపోయాడనుకున్నాడట. ఇంటి ముందర ఆపి పిలిస్తే పలకలేదట. అతని గొంతు వెనక ఇంజన్ ఐడ్లింగ్ మీద తిరుగుతున్న శబ్దం నాకు స్పష్టంగా వినిపిస్తోంది. నా చేతులతో ఎక్కించిన ఇంజన్, మంచి పైపు, ఎక్కడా రాసుకోవడం లేదు.

"ముందుగాల ఇంజన్ ఆపు తమ్మీ," అన్నాను.

ఆయనకు నేనిచ్చింది కొన్ని నెలల బతుకా, కొన్ని నెలల సూదులా అన్నది తేల్చుకోలేకపోయాను. పని విషయంలో నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. కొలత మళ్లీ మళ్లీ తప్పుతుంటే, పైపు కోసే ముందు ఆ పని పూర్తి కావద్దని ఎవరికుందో చూడాలి. ఇప్పుడు పిండిముద్ద ఊడదీసినప్పుడల్లా ముందు దాన్ని వెలుగులో తిప్పి వేలిముద్ర కోసం వెతుకుతాను. ఇంతవరకు ఎవరిదీ దొరకలేదు. దొరికితే ఆ మనిషితో ఏమనాలో ఇప్పటికీ నాకు తెలియదు.