గిర్దావర్ సారు కుర్చీ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు వచ్చేసరికి నేను ఒక పిల్ల తండ్రి మీద అరుస్తున్నాను. నిజామాబాద్‌లో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో స్కాలర్‌షిప్ దరఖాస్తులు చూసే పని కూడా నా నెత్తినే పెట్టారు. పిల్లల ఫీజు సర్కారు కట్టాలంటే ఇంటి ఆదాయం ఒక హద్దు దాటకూడదు. ఆ తండ్రి పెద్ద కొడప్‌గల్ దగ్గరి తండా నుంచి వచ్చిన కూలి మనిషి. ఆయన బిడ్డ దరఖాస్తు ఆదాయం ఎక్కువుందని తిరిగొచ్చింది. ఎంక్వయిరీకి వచ్చిన అధికారితో ఏం చెప్పావయ్యా అని అడిగితే, "మంచిగనే ఉన్నమని చెప్పిన మేడం" అన్నాడు. ఎందుకు చెప్పావంటే, "ఎట్లున్నరని అడిగిండు గద!" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంకో నాలుగు అనబోతుంటే ఫోన్ మోగింది. పెద్దమ్మ కొడుకు, నేను అన్నా అని పిలిచే మనిషి, "అమ్మ పోయిందే. దవాఖానకు తోల్కపోదామని ఆటో పిలిచేలోపల్నే పోయింది" అన్నాడు. నేను తిట్టిన మనిషే లేచి వెళ్లి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మీకు వింతగా ఉండొచ్చు గానీ, పెద్దమ్మను తలుచుకుంటే నాకు ముందు ఏడుపు రాదు, చిరాకు వస్తుంది. బతికున్నంత కాలం నన్ను విసిగించింది. పోయాక కూడా మానలేదు.

మా అమ్మానాన్నలు నాకు ఊహ తెలియకముందే పోయారు. బాన్సువాడలో రెండు గదుల రేకుల ఇంట్లో, బీడీలు చేస్తూ నన్నూ అన్ననూ పెంచింది పెద్దమ్మ. పొద్దున్నే తునికాకు తడిపి పెట్టుకునేది. వంట ముగించుకుని చాట ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంటే ఇక లేచేది కాదు. ఆకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి పడేసేది. మాట్లాడుతున్నా, తిడుతున్నా, కునుకు తీస్తున్నా ఆ వేళ్లు ఆగేవి కావు. నన్ను మాత్రం ఆ చాట ముట్టనిచ్చేది కాదు. సాయం చేద్దామని ఒకసారి ఆకు కట్ట విప్పితే చేతి మీద ఒక్కటి వేసింది. "గీ వాసన ఒక్కపారి అంటిందంటే ఇగ పోదు. నువ్వు సదువుకో" అంది. అన్నం వడ్డించే ముందు తాను నిమ్మచెక్కతో చేతులు రుద్ది రుద్ది కడుక్కునేది. అయినా ఆ అన్నం కొంచెం తంబాకు వాసన వేసేది. అది నాకు పెద్దమ్మ వాసన.

ఇదంతా బాగానే ఉంది. అసలు ఇబ్బంది ఆమె నోటితో. ఎవరు ఎట్లున్నరని అడిగినా "మస్తున్నం" అనేది. జ్వరంతో మూలుగుతున్నా మస్తున్నమే. బీడీ కార్ఖానాలో పని దొరక్క వారం పొయ్యి సరిగ్గా వెలగకపోయినా మస్తున్నమే. ఎందుకట్లా అంటావని నేను పోరితే, "అడిగినోళ్లకు బాగున్నమనే చెప్పాలె. లేకుంటే వాళ్ల మనసు ఖరాబైతది" అనేది. మన మనసు ఖరాబైతే ఫరవాలేదు కాబోలు.

నేను ఇంటర్ పాసై ఊళ్లోని డిగ్రీ కాలేజీలో చేరాను. సర్కారు ఫీజు కడితేనే చదువు, లేకపోతే లేదు. అందులో రెండో మాట లేదు. దానికి ఆదాయ సర్టిఫికెట్ కావాలి. దరఖాస్తు పెట్టాక రెవెన్యూ ఆఫీసు నుంచి గిర్దావర్ వచ్చి ఇల్లూ వాకిలీ చూసి, నాలుగు మాటలు అడిగి రాసుకుని వెళ్తాడు. మా ఇల్లు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది కదా అనుకుని ఆ రోజు నేను నిశ్చింతగా కాలేజీకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మా ఇల్లు మా ఇల్లులా లేదు. వాకిట్లో రెండు కుషన్ కుర్చీలు, వాటి ముందు గిర్రున తిరుగుతున్న టేబుల్ ఫ్యాను, సాసర్లలో కప్పులు. అన్నీ పక్కింటివాళ్లవి. వాళ్లు కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకుని స్థిరపడ్డ కుటుంబం. పక్కింటి అక్క గోడ మీదుగా తొంగి చూస్తూ, "మీ పెద్దమ్మ పొద్దున్నుంచీ హడావిడి చేసేస్తోందమ్మా. మా టీవీ కూడా పట్టుకొస్తానంది, నేనే వద్దన్నాను" అంది. గిర్దావర్ కుర్చీలో కూర్చుని కోడికూరతో భోజనం చేస్తున్నాడు. ఆ కోడి మాత్రం మాదే. మాకున్నదే ఒక్క కోడి.

"బాగనే ఉన్నరు గదమ్మా" అన్నాడాయన, చెయ్యి కడుక్కుంటూ.

"మీ దయ సారూ. మాకేం తక్కువ?" అంది పెద్దమ్మ.

"కొడుకేం చేస్తుండు?"

"లారీ మీద పోతుండు సారూ. మద్నూర్ దిక్కు. మస్తు సంపాయిస్తుండు."

"సొంత లారీనా?"

పెద్దమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. నేను గుమ్మంలో నిలబడి వద్దు వద్దని తల ఊపుతూనే ఉన్నాను.

"ఉన్నట్టే సారూ" అంది.

అన్న ఆ లారీకి క్లీనర్. లారీ సంగతి అటుంచి, దాని మీద కట్టిన టార్పాలిన్ కూడా అతనిది కాదు. గిర్దావర్ మంచివాడే, విన్నది విన్నట్టు రాసుకున్నాడు. నేను అడ్డం పడి కాదు సార్ అనబోతే పెద్దమ్మ నా వైపు చూసిన చూపుకు గుమ్మంలోనే ఆగిపోయాను. తిన్న చేతులు ఇంకా తడి ఆరలేదు, అతిథి ముందు ఇంటి మనిషిని అబద్ధాలకోరును చేస్తావా అన్నట్టు చూసింది.

కంప్యూటర్‌లో నా పేరు పక్కన 'అర్హత లేదు' అని పడింది. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. లారీ ఉందని ఎట్లా చెప్పావని ఏడ్చాను, అరిచాను. "ఉందని నేనన్ననా? ఉన్నట్టే అన్న" అంది. కాలేజీవాళ్లు ఫీజు కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వం అన్నారు. సంగతి తెలిసి కార్ఖానా మేనేజర్ ఇంటికే వచ్చి, పిల్ల ఖాళీగా ఉండి ఏం చేస్తుంది, ఆమె పేరు కూడా రాయించు, ఆకు నేను పంపిస్తా అన్నాడు. అప్పుడు చూశాను పెద్దమ్మ ముఖంలో భయం. మేనేజర్ వెళ్లిపోయాక తన వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. కాసేపటికి, "పొద్దుగాల ఆఫీసుకు పోదాం పా" అంది.

దారి పొడుగునా పాఠం నేర్పించాను. "పెద్దసారు అడిగితే మేం బీదోళ్లం సారూ అని చెప్పు. ఒక్క మాట. అంతే." సరేనంది. తీరా తహసీల్దార్ ముందు నిలబెడితే, "సారూ, లారీ లేదు" అంది. ఇంకేమన్నా ఉందా అమ్మా అన్నాడాయన. "ఇంకేం లేదు" అంది. నేను మోచేత్తో పొడిచాను. పెద్దమ్మ చేతులు కట్టుకుని నిటారుగా నిలబడింది. ఇల్లు గడవడం ఎట్లా ఉందమ్మా అని ఆయన మళ్లీ అడిగితే, దేవుడి మీద ఒట్టు, "మస్తున్నం సారూ" అంది. తహసీల్దార్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. కొంచెంసేపు బయట కూర్చోండి అన్నాడు.

వరండాలోకి వచ్చి తలబాదుకున్నాను. "ఆ ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుంది?" అన్నాను. "నా నోటికి రాదే. నేను కష్టం చేస్తున్న. బీదదాన్నెట్లయిత?" అంది. తర్వాత సంచిలోంచి చాట తీసింది. ఆకు, తంబాకు, దారం, కత్తెర తీసి గోడకు ఆనుకుని కూర్చుని మొదలుపెట్టింది. నిరసనేమీ కాదు. సాయంత్రానికి కార్ఖానాలో మాల్ ఇవ్వాలి, ఇక్కడ పొద్దంతా పోతోంది, అంతే. పట్టాల కోసం వచ్చిన రైతులు చుట్టూ మూగారు. డోంగ్లి వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన మరాఠీలో ఏదో అడిగి, ఆమె విసిరిన బీడీ ఒకటి పట్టుకుని నవ్వుతూ వెళ్లిపోయాడు. నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

భోజనానికి లేచిన తహసీల్దార్ గుమ్మంలో ఆగిపోయాడు. ఆ వేళ్లను కాసేపు చూశాడు. రోజూ పని ఉంటుందా, వెయ్యి బీడీలకు ఎంతిస్తారు, నడుము నొప్పి రాదా, ఇవే అడిగాడు. పనిని గురించి అడిగితే పెద్దమ్మకు ఏ నామోషీ లేదు. ఎప్పుడు పని ఉంటుందో, ఎప్పుడు ఉండదో, ఎంత చేతికొస్తుందో చేతులాపకుండా పూస గుచ్చినట్టు చెప్పింది. "నా కట్ట ఒక్కటి గూడ వాపస్ రాదు సారూ, కావాలంటే కార్ఖానల అడుగుండ్రి" అని చివర్న తగిలించింది. ఆయన గిర్దావర్‌ను పిలిచి, మళ్లీ ఒకసారి వాళ్లింటికి వెళ్లి చూసి రమ్మన్నాడు.

ఈసారి నేను కాలేజీకి వెళ్లలేదు. కుర్చీలు ఇవ్వొద్దని పక్కింటి అక్క చేత ముందే ఒట్టు వేయించుకున్నాను. కోడి ఎలాగూ లేదు. గిర్దావర్ వస్తే, పెద్దమ్మ బీడీలు చేసేటప్పుడు కూర్చునే పొట్టి పీటే దిక్కయింది. ఆ లావుపాటి మనిషి మోకాళ్లు గడ్డానికి తగిలేలా దాని మీద ముడుచుకుని కూర్చుని, అడిగినవన్నీ నన్నే అడిగి రాసుకున్నాడు. సర్టిఫికెట్ వచ్చింది. ఫీజు మంజూరైంది. నేను చదువుకున్నాను.

పెద్దమ్మకు మాత్రం ఆ రోజు మనసులో ముల్లులా ఉండిపోయింది. నేను డిగ్రీ పాసైన రోజున స్వీట్లు పంచుతూ కూడా, "అంతా మంచిగనే అయింది గాని, ఇంటికొచ్చినాయనను పీట మీద కూసోబెట్టినమే" అంది. ఆ మాట విని విని విసుగెత్తి, నా మొదటి జీతంతో ఒక కుషన్ కుర్చీ కొనిచ్చాను. కూర్చోవే పెద్దమ్మా అంటే కూర్చోలేదు. దాని ప్లాస్టిక్ కవరు కూడా తీయనివ్వలేదు. పైన దుప్పటి కప్పి లోపలి గదిలో పెట్టింది. "గిర్దావర్ సారొస్తే కూసుంటడు" అంది. ఆయనకు ఎప్పుడో బదిలీ అయిందంటే, "ఆయన కాకుంటే ఇంకొకాయన. గిర్దావర్లు రాకుంట పోతరా?" అంది. అన్న కూర్చోబోతే లేపేది. నేను కూర్చోబోయినా లేపేది. చివరి రోజుల్లో నడుము వంగిపోయి నేల మీద కూర్చోలేక అవస్థ పడింది, అప్పుడైనా ఆ కుర్చీ ఎక్కిందా అంటే లేదు. గోడకు ఆనుకుని నిలబడేది. ఎంత మొండిదో చూడండి. తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది, ఆ వెంటనే ఏడుపూ వస్తుంది.

ఆమె పోయిన కొద్ది రోజులకే, ఇంట్లో ఇంకా దీపం కొండెక్కకుండా కాచుకుంటున్న రోజుల్లోనే, గుమ్మం ముందు బండి ఆగింది. అన్న కూతురు ఈ ఏడాది డిగ్రీలో చేరుతోంది. దాని ఆదాయ సర్టిఫికెట్ కోసం ఎంక్వయిరీ. కొత్త గిర్దావర్, చిన్న వయసు. గోడకున్న ఫొటోనూ దీపాన్నీ చూసి, "మళ్ల వస్త లెండి" అని వెనక్కి తిరగబోయాడు. వదిన, "వద్దు సార్, ఇప్పుడే అడుగుండ్రి" అని ఆపింది. ఆయన నిలబడే ఫోన్ తీశాడు.

ఎంక్వయిరీ రోజున ఆ కుర్చీ బయట కనిపించకూడదని వదినకు ఫోన్‌లో నెల ముందు నుంచీ చెప్పింది నేనే. నేను లోపలికి వెళ్లడం చూసి ఆమెకు అర్థమైపోయింది. "ఏయ్, కుర్చీ తియ్యకే! పిల్ల ఫీజు పోతది" అంది గొంతు తగ్గించి. నేను దుప్పటి తీసి, కుర్చీ ఎత్తుకొచ్చి వాకిట్లో వేశాను. దుమ్మేమీ లేదు. అయినా చున్నీ అంచుతో తుడిచాను.

"కూర్చోండి సార్."

ఆయన కూర్చుంటే ప్లాస్టిక్ కవరు చిటపటమంది. మెత్తటి కుషన్‌ను చేత్తో తడిమి చూసుకుని, "కుర్చీ మీదేనా?" అని అడిగాడు. వదిన గుమ్మంలో నిలబడి వద్దు వద్దని తల ఊపుతోంది.

"మాదే సార్" అన్నాను. "లారీ మాత్రం లేదు."