చేపల పులుసుకు చిరుత ట్యాగు

ఆ రోజుల్లో మనిషి భయపడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, చేతిలో ఫోను ఉంటే చాలు. ఆ రోజులంటే ఏ నిజాం కాలమో అనుకునేరు. కాదు, కరోనా తగ్గి, మూతికి కట్టుకున్న గుడ్డలు ఇంకా దండేల మీద ఆరుతున్న కాలం. నాకప్పుడు అరవై దాటాయి, అంటే వ్యాపారంలో తొందరపడే వయసన్నమాట. ఇబ్రహీంపట్నంలో నన్ను ఎరగనివాడు లేడు. ఎన్నికలొస్తే ప్రతి పార్టీవాడూ ముందు నా గడప తొక్కాకే వీధిలోకి దిగేవాడు. (ఒకడు తొక్కిన మాట నిజం. పక్కింటి అడ్రసు అడిగి వెళ్ళిపోయాడు.) అంతటివాణ్ణి మా కోడలి ఫోనులో ఒక చిన్న పని నెత్తిన వేసుకున్నాను. సగం ఊరు ఆ పూట తలుపులు వేసుకుంది. (సగం కాదు, మా సందు. సరే, మా సందులో కొన్ని ఇళ్ళు.)

కోడలు బట్టల కంపెనీలో కుట్టుపని మానేసి, బస్టాండు వెనక సందులో చేపల మెస్ తెరిచింది. పొద్దున చెరువులో పట్టిన రవ్వ, బొచ్చె చేపలు మధ్యాహ్నానికల్లా పులుసైపోయేవి. ఆ పులుసు వాసనకు పోయిన ప్రాణం లేచి కూర్చుంటుంది గాని, ప్రాణం ముందు ఆ సందులోకి రావాలి కదా! కుర్చీలు ఖాళీగా మా ముఖాలు చూసేవి, మేము వాటి ముఖాలు చూసేవాళ్ళం. "ఈ నెల సూస్త మామా. నడవకుంటే మల్ల మిషిన్ మీద కూసుంట," అంది కోడలు ఒకరోజు. ఆ మాట నాతో అంటున్నా నా వైపు చూడలేదు, గిన్నెలో గరిటె తిప్పుతూనే ఉంది. అందుకే, మెస్ ఫొటోలు నేనే పెడతానని ఫోను అడిగి తీసుకున్నాను.

"గీ అడ్డం నిలువు గీతల గుర్తు లేదా మామా, దీన్నే హ్యాష్‌ట్యాగ్ అంటరు. గీ గుర్తు పెట్టి పక్కన ఒక మాట రాయాలె. ఆ మాట ఎతికేటోళ్లకు మన ఫొటో కనవడ్తది. చేపల పులుసు అని పెట్టు, ఇబ్రహీంపట్నం అని పెట్టు. గంతే."

"నాకు చెప్తవా బిడ్డా? యాపారం నా రక్తంలనే ఉన్నది."

నిజంగానే ఉంది. వయసులో ఉన్నప్పుడు నేను జాతరల్లో పిల్లలు ఊదే పీకలు, బుడగలు అమ్మినవాణ్ణి. జాతర వ్యాపారానికి ఒకటే శాస్త్రం: జనం ఎటు ఉంటే బండి అటు తోయాలి. వాళ్ళు దేనికి గుమిగూడారన్నది మనకు అనవసరం. కుస్తీ చూడవచ్చినవాడు కూడా పిల్లకు పీక కొనుక్కునే పోతాడు. ఆ లెక్కన, చేపల పులుసు అనే మాట దగ్గర జనం పలచగా కనిపించారు. ఆ రోజు జనమంతా వేరేచోట ఉన్నారు. గుట్టల వైపు చిరుతను ఎవరో చూశారని పుకారు లేచి, అందరూ ఆ మాట చుట్టూనే మూగుతున్నారు. ఇంకేం, బండి అటు తోశాను. పులుసు గిన్నె ఫొటో పెట్టి, కింద మెస్‌కు దారి వివరంగా రాసి, #ఇబ్రహీంపట్నం #చిరుత అని రెండు ట్యాగులు తగిలించాను. తగిలించి, ఒక కునుకు తీద్దామని కుర్చీలో వాలాను.

లేపింది ఫోను. అవతల నా బామ్మర్ది. మేమంతా మైకు అని పిలుస్తాం, ఎందుకో అతను మాట్లాడటం మొదలెడితే తెలుస్తుంది. "బావా, యాడున్నవ్? మీ సందులనే ఉన్నదట చిరుత! గ్రూపులల్ల ఒక్కటే లొల్లి! షటర్ గుంజుకో, బయటికి రాకు!"

ఎందుకు రాదు మరి, చేపల వాసనకే వచ్చి ఉంటుంది! పులివంటి గుండె గలవాణ్ణి కనుక ఒక్క ఉరుకున వెళ్ళి షటరు దించాను. (దించింది కోడలు. నేను బల్ల ఎక్కాను.) లోపల పొయ్యి వేడి, మసక వెలుతురు, మా ఇద్దరి ఊపిరి. వెనక తలుపు చెక్క ఏనాటిదో, ఒక్క పంజా దెబ్బకు పోతుంది. కోడలు నా చేతిలోని ఫోను తీసుకుని ఆ వార్త ఎక్కడ పుట్టిందో ఒక్కొక్కటే వెనక్కి చూసుకుంటూ పోయింది. పోయి పోయి ఆగింది. ఫోను నా ముందుకు తిప్పింది.

"మామా, గీ పులుసు గిన్నె మనదే గదా?"

చూశాను. మనదే. నేను రాసిన దారి, నేను పెట్టిన ట్యాగు. దాన్నే ఒకడు 'మెస్ దగ్గర చిరుత' అన్నాడు, ఇంకొకడు ఎక్కడిదో చిరుత బొమ్మ అంటించాడు, మూడోవాడు అది లేగదూడను ఎత్తుకుపోయిందన్నాడు. సరిగ్గా అప్పుడే షటరు మీద ఏదో గీకింది.

చిత్రమేమిటంటే, అది నేను పుట్టించిన చిరుతేనని తెలిశాక కూడా నాకు భయం తగ్గలేదు, పెరిగింది. దూడను ఎత్తుకుపోయిన జంతువుకు నేనొక లెక్కా? కోడలి వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

"షటర్ లేపు మామా. నువ్వు పిలిస్తేనే వచ్చింది. నువ్వే వాపస్ పంపాలె."

రెండు చేతులతో లేపాను. ఎదురుగా బర్రె దూడంత చిరుత, నిప్పు కణికల్లాంటి కళ్ళు! (లేదు. చిరుత లేదు. కర్ర మొనతో షటరు గీకుతున్న అటవీశాఖ మనిషి ఒకడు, అతని వెనక వల పట్టుకున్న ఇంకొకడు, వాళ్ళ వెనక కట్టెలతో జనం, అందరి ముందు మా మైకు.)

"ఎవలు సూసిండ్రు? ఎటు వోయింది?" అన్నాడు కర్ర మనిషి.

చెరువు వైపు అని ఒక్క మాట అంటే చాలు, జనం అటు ఉరుకుతారు, నా పరువు దక్కుతుంది. కాని కోడలు నా పక్కనే ఉంది. "ఎవ్వలు సూడలే సారూ. చిరుత లేదు. మెస్‌కు గిరాకీ వస్తదని నేనే ఆ పేరు రాసిన." గొంతు నాకే వినపడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

జనం తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అటవీశాఖ మనిషి మాత్రం తిట్టలేదు. "పెద్దమనిషీ, రేపు నిజంగ వస్తె ఎట్ల? గీ సందుల ఒక్కడన్న నమ్ముతడా?" అన్నాడు. చిరుతకన్నా నన్ను ఎక్కువ వణికించింది ఆ మాట. వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు, ఒక్కరూ కూర్చోలేదు. మైకు ఒక్కడే ప్లేటు ముందేసుకుని, "గింత మంచి పులుసుకు ఆ జంతువెందుకు బావా?" అన్నాడు.

కోడలు నేను రాసింది తీసేసి, తప్పు వార్త అని రాసి, మళ్ళీ అదే గిన్నె ఫొటో పెట్టింది. #చేపలపులుసు #ఇబ్రహీంపట్నం. మర్నాడు ఇద్దరు వచ్చారు, ఆదిబట్ల వైపు కంపెనీలో పనిచేసేవాళ్ళు. కర్రలు లేవు, వల లేదు, ఆకలితో వచ్చారు. ఆ మాట వెతుక్కునే వచ్చామన్నారు. తరువాతి వారం వాళ్ళే ఇంకొందరిని వెంటబెట్టుకొచ్చారు. నెల గడిచింది. కోడలు మిషను మాట ఎత్తలేదు, నేనూ గుర్తు చేయలేదు.

ఇప్పటికీ తినడానికి వచ్చే కుర్రాళ్ళు చేయి కడుక్కుంటూ, "తాతా, ఇయ్యాల చిరుత రాలేదా?" అని అడుగుతారు. "ఇప్పుడే రెండు ముక్కలు ఎక్కువ తిని వోయింది," అంటాను. ఎవరూ అడగని రోజున, షటరు దించేముందు నేనే ఒకసారి గుట్టల వైపు చూస్తాను. ఏమీ ఉండదు. లేదని తెలిసీ చూసే ఆ ముసలివాడి మీద నాకు జాలి వేస్తుంది, నవ్వూ వస్తుంది. అయినా షటరు మాత్రం గబగబా దించేస్తాను.