నోరిల్స్క్ అని చెప్పాను

ముందుగా మన్నించండి. నా రాత కోడిగీతలు... ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ పడవు. కాగితం మీద రాసిస్తే మా మనవరాలు చూసి, ఫోనులో కొట్టి ఇందులో ఎక్కించింది. తప్పులుంటే నావే.

మా చిన్నప్పుడు... బడి తెరిచే రోజుల్లో పుస్తకాలకు అట్టలు వేసుకోవడం ఒక పండగ. గుమ్మఘట్ట దగ్గర మా ఊరు. ఆ ఏడు రాయదుర్గం సంతకు పోయిన నాయన, తెలుగులో అచ్చేసిన రష్యా వాళ్ళ పాత పత్రిక ఒకటి తెచ్చాడు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు...

అక్కా నేనూ ఏడో తరగతి. అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. కరువు రోజుల్లో నీళ్ళు మోయడానికి రెండేళ్ళు బడి మాన్పించారు. అందుకే ఇద్దరం ఒకే తరగతిలో పడ్డాం.

పత్రిక మధ్యలో సైబీరియాలోని రెండు ఊళ్ళ గురించి ఉంది. యాకుత్స్క్, నోరిల్స్క్. రెండూ మంచు ఊళ్ళే. ఎక్కడ చలి ఎట్లుంటుందో పోల్చి రాశారు. యాకుత్స్క్ బొమ్మ ఉన్న కాగితం అక్క పుస్తకానికి, నోరిల్స్క్ కాగితం నా పుస్తకానికి వేసుకున్నాం.

అక్క బొమ్మలో... గడ్డకట్టిన ఏటిని దిమ్మెలుగా కోసి, వాకిట్లో కట్టెలు పేర్చినట్టు పేర్చి పెట్టారు. అవి తాగే నీళ్ళట. కావలసినప్పుడు ఒక దిమ్మె లోపలికి తెచ్చి కరగబెట్టుకుంటారట. అక్క ఆ బొమ్మను ఎంతసేపు చూసేదో... మా ఊరి బావి అప్పటికే ఎండిపోయింది. మైలు దూరం నడిచి, వంకలో తవ్విన చెలమలో ఊరే నీళ్ళు ముంతతో తోడి కడవ నింపుకోవాలి.

"నీళ్ళు వాకిట్లోనే పెట్టుకున్నారు చూడప్పా. ఆ ఇండ్లల్లో ఆడపిల్లోళ్ళు రోజూ బడికి పోతాంటారు," అనేది.

ఏడో తరగతి అయ్యాక రాయదుర్గం హైస్కూలు. ఇద్దరం పోతే నీళ్ళెవరు తేవాలి... ఒక్కరే పోవాలి. మా నాయన ఆడపిల్ల, మగపిల్లాడు అని చూడలేదు. అది చెప్పుకోవాలి. నేరుగా బడికి వచ్చి అయ్యవారిని అడిగాడు.

"ఇద్దర్లో ఎవరికి తెలివుండాదో మీరే చెప్పండి అయ్యవారూ. వాళ్ళను పంపిస్తా. ఇంకొకరు కడవ ఎత్తుకుంటారు."

అయ్యవారు మా పుస్తకాల వైపు చూసి నవ్వాడు. "ప్రశ్న వీళ్ళ అట్టల మీదే ఉండాది కదప్పా. చెప్పండి... నడి చలికాలంలో చలి యాడ ఎక్కువ? యాకుత్స్క్‌లోనా, నోరిల్స్క్‌లోనా?"

అక్క లేచింది. "యాకుత్స్క్‌లో అయ్యవారూ."

"ఉత్తరానికి పోయేకొద్దీ చలి ఎక్కువని నేను చెప్పలేదా? నోరిల్స్క్ కదా ఇంకా పైనుండేది?"

"పైనుంటే మాత్రం... యాకుత్స్క్‌కు అన్ని పక్కలా సముద్రం దూరమే కదా అయ్యవారూ. మన మాదిరే. మనకు యా సముద్రం నుంచీ మోడం రాదు, వాన రాదు. దానికి యా సముద్రం నుంచీ వెచ్చదనం రాదు. అందుకే ఎండాకాలం ఆడ ఎండలు కాస్తాయి, చలికాలం చంపే చలి."

"మన ఊరికీ మంచు ఊరికీ పోలికేమే? రేపు మన చెలమ కూడా గడ్డ కడతాదంటావు."

తరగతంతా నవ్వింది. నాయన కూడా కొంచెం నవ్వాడు. అయ్యవారు నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా."

జవాబు నా చేతి కిందే ఉంది. నా అట్ట లోపలి మడతలో... నోరిల్స్క్‌లో గాలి ఎక్కువ, నెలకు పైగా సూర్యుడే కనపడడు, ఎండాకాలం వచ్చినట్టే వచ్చి పోతుంది, కానీ నడి చలికాలంలో చలి యాకుత్స్క్‌లోనే ఎక్కువ అని అచ్చులో ఉంది. ముందురోజు చెలమ దగ్గర అక్కకు చదివి వినిపించింది నేనే. ఎందుకు ఎక్కువో మాత్రం అందులో లేదు. అది అక్క సొంతంగా ఆలోచించుకుంది.

మడత విప్పి చూపిస్తే చాలు. నలుగురిలో మాట పెగలని నాలాంటోడికి నోరు తెరిచే పని కూడా లేదు...

నోరిల్స్క్ అని చెప్పాను.

భయం వల్ల అన్నానని చాలా ఏళ్ళు నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. భయం కాదు. కడవ.

"సరే, వాడే పోనీ," అన్నాడు నాయన.

ఆ సాయంత్రం చెలమ దారిలో అక్క ముందు నడిచింది. వెనక్కి తిరగకుండానే అంది.

"మడతలో ఉండేది చెప్పకపోతివే."

"నువ్వే చెప్పుండచ్చు కదక్కా. నాయన తీసి చూసేటోడు."

"నీ నోట్లోంచి వస్తాదేమోనని చూస్తి."

అంతే. తలమీద చుట్టకుదురు సరిచేసుకుంది. "బిరబిర రాప్పా, పొద్దు గూకుతాంది," అంది.

నేను రాయదుర్గంలో పదో తరగతి రెండుసార్లు తప్పి, ఇంటికొచ్చి వేరుశనక్కాయల చేలో పడ్డాను. అక్క పోవలసిన చోటు అట్లా పాడు చేశాను. అక్కను ధర్మవరంలో మగ్గాల ఇంటికి ఇచ్చారు. పట్టు దారాలు చూసీ చూసీ ఇప్పుడు చూపు సరిగా ఆనదు.

మనవరాలి ఫోనులో ఆ రెండు ఊళ్ళ చలి ఏ రోజుది ఆ రోజు కనపడుతుంది. పుష్యమాసంలో పొద్దున్నే చూపించమంటాను. ఎందుకు తాతా అంటుంది... ఊరికే అంటాను. ఎప్పుడో ఒక రోజు తప్ప, యాకుత్స్క్‌లోనే చలి ఎక్కువ.

ఇప్పుడు మా వీధిలో కొళాయి ఉంది. నీళ్ళు అక్క బొమ్మలోలాగా వాకిట్లోకే వచ్చాయి. ఏ ఇంట్లోనూ కడవకు ఒకరు, బడికి ఒకరు అని ఎంచే పని లేదు... అక్కకు మాత్రం అవి యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చాయి.

ఇది అక్క చదవలేదు. నేనే ధర్మవరం పోయి చదివి వినిపించాలి. రెండుసార్లు బస్సెక్కాను. రెండుసార్లూ కాఫీ తాగి, ఆరోగ్యం అడిగి వచ్చేశాను.

మీ చిన్నప్పుడు మీరూ ఎవరి దగ్గరైనా ఇట్లా నోరు మూసుకుని ఉంటే రాయండి. తర్వాత పోయి చెప్పారా... చెబితే వాళ్ళేమన్నారు? జవాబు కొంచెం తొందరగా రాయండి. అక్కకు డెబ్బై దగ్గరపడ్డాయి.